అమెరికా జైళ్లలో అంతమంది ఎందుకు? డ్రగ్స్, ప్రైవేటు జైళ్లేనా కారణం?

చైతన్య_కె

అమెరికాలో ప్రతి లక్ష మందికి దాదాపు 540 మంది కటకటాల వెనక ఉన్నారు. జర్మనీలో ఇది 70 దరిదాపు, జపాన్‌లో 40 లోపే. ఈ తేడా గురించి ఎక్కడ చదివినా రెండే కారణాలు కనిపిస్తున్నాయి: డ్రగ్స్ కేసులు, లాభం కోసం నడిచే ప్రైవేటు జైళ్లు. ఆ రెండింటితోనే ఇంత తేడా వస్తుందా? అక్కడి లెక్కలు, చట్టాలు తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

జనాభాలెక్క

ముందు ఎవరిని లెక్కపెడుతున్నామో తేల్చుకుందాం. అక్కడ ఖైదీలు ఉండే చోట్లు ప్రధానంగా మూడు. కౌంటీ (రాష్ట్రంలో మన జిల్లా లాంటి విభాగం) జైలులో విచారణ ఖైదీలు, సాధారణంగా ఏడాది లోపు శిక్ష పడ్డవాళ్లు ఉంటారు. అంతకు మించి శిక్ష పడితే రాష్ట్ర కారాగారం. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కింద శిక్ష పడితే ఫెడరల్ కారాగారం. 2022 చివర్లో రాష్ట్ర, ఫెడరల్ కారాగారాల్లో కలిపి సుమారు 12.3 లక్షల మంది, అందులో ఫెడరల్ వాటా 1.6 లక్షలు. అదే ఏడాది మధ్యలో కౌంటీ జైళ్లలో 6.6 లక్షలు. ఈ రెండు అంకెలూ నేరుగా కూడకండి. లూసియానా లాంటి రాష్ట్రాలు తమ ఖైదీలను స్థానిక జైళ్లలో ఉంచుతాయి, వాళ్లు రెండు జాబితాల్లోనూ వస్తారు. ఆ డబుల్ లెక్క తీసేస్తే 18 లక్షల దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు డ్రగ్స్ సంగతి. ఫెడరల్ ఖైదీల్లో సగానికి కాస్త తక్కువ మంది డ్రగ్స్ కేసులవాళ్లే. "సగం మంది డ్రగ్స్ ఖైదీలే" అన్న మాట అక్కడినుంచే పుట్టింది. కానీ రాష్ట్ర కారాగారాల్లో వాళ్లు 13 శాతం దరిదాపే. 60 శాతానికి పైగా హత్య, దోపిడీ, దాడి, అత్యాచారం లాంటి హింసాత్మక నేరాలవాళ్లు. రాష్ట్రాల నుంచి ఓ 1.4 లక్షలు, ఫెడరల్ నుంచి ఓ 70 వేలు, మొత్తం డ్రగ్స్ ఖైదీలందరినీ రేపే వదిలేశారనుకుందాం. కౌంటీ జైళ్లను కదపకుండా చూస్తే, లక్షకు 450 పైనే మిగులుతారు. జర్మనీకి ఆరు రెట్లు.

ప్రైవేటు జైళ్లలో ఉన్నది రాష్ట్ర, ఫెడరల్ ఖైదీల్లో 8 శాతం లోపు. చాలా రాష్ట్రాల్లో ఒక్క ప్రైవేటు జైలూ లేదు, అయినా అక్కడా రేటు ఎక్కువే.

ఓరుగల్లు

మీ లెక్కలోనే జవాబుంది కదా. హింస ఎక్కువ, కాబట్టి ఖైదీలు ఎక్కువ. హత్యల రేటు 1960ల మొదట్లో లక్షకు 5 దగ్గర ఉండేది, 1980కి 10 దాటింది. జనం భయపడ్డారు, చట్టాలు కఠినమయ్యాయి. ఇందులో వేరే కారణం వెతకాల్సిన పనేముంది?

జనాభాలెక్క

సగం వరకు ఒప్పుకుంటాను ఓరుగల్లు గారూ. పశ్చిమ ఐరోపాతో పోలిస్తే అక్కడ హత్యలు నాలుగైదు రెట్లు ఎక్కువ, తుపాకుల వల్ల మామూలు గొడవ కూడా శవంతో ముగుస్తుంది. ఈ మాట దాచిపెట్టి చేసే చర్చలకు విలువ లేదు.

కానీ వరస చూడండి. 1972లో కారాగారాల్లో 2 లక్షల మందికి అటూఇటూ ఉన్నారు. హత్యల రేటు 1991లో 9.8, 2010కి 4.8. సగానికి పడిపోయింది. కారాగారాల జనాభా మాత్రం 2009 దాకా పెరుగుతూనే పోయి 16 లక్షలు దాటింది. నేరాలే కారణమైతే నేరాలు తగ్గాక ఖైదీలూ తగ్గాలి కదా? కొన్నేళ్లు ఆలస్యంగా అనుకున్నా, దాదాపు ఇరవై ఏళ్లపాటు ఎదురు దిశలో నడవకూడదు.

ఖైదీల సంఖ్య అంటే ఏటా లోపలికొచ్చేవాళ్లను సగటున లోపల ఉండే కాలంతో గుణించినది. ఏటా 10 వేల మంది వచ్చి రెండేళ్లుంటే ఏ రోజు లెక్కపెట్టినా 20 వేలు. అదే 10 వేల మంది నాలుగేళ్లుంటే 40 వేలు, కొత్త నేరం ఒక్కటి జరగకపోయినా. 1980 నుంచి 2010 వరకు జరిగిన పెరుగుదలను విడదీసి చూసిన నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (అక్కడి శాస్త్ర అకాడమీల పరిశోధన విభాగం), 2014లో తేల్చింది ఇదే: అరెస్టయినవాళ్లలో జైలుకు పంపేవాళ్ల వాటా పెరగడం, లోపల గడిపే కాలం పెరగడం. ఈ రెండింటి పాలు దాదాపు సమానం.

నల్లకోటు

లోపల గడిపే కాలం ఎలా పెరిగిందో నేను రాస్తాను.

1970ల దాకా చాలా రాష్ట్రాల్లో జడ్జి "5 నుంచి 15 ఏళ్లు" అని శిక్ష వేస్తే, ఎప్పుడు వదలాలో పెరోల్ (శిక్ష పూర్తికాకముందే పర్యవేక్షణతో విడుదల) బోర్డు చూసేది. దీన్ని రెండు వైపులవాళ్లూ తప్పుపట్టారు. ఒకే నేరానికి తెల్లవాడు రెండేళ్లలో, నల్లవాడు ఎనిమిదేళ్లలో బయటికొస్తున్నాడని ఉదారవాదులు, అందరినీ ముందే వదిలేస్తున్నారని సంప్రదాయవాదులు. 1976లో మెయిన్ రాష్ట్రం పెరోల్ ఎత్తేసింది, వెనకే ఇంకొన్ని రాష్ట్రాలు. ఫెడరల్‌లో 1984 చట్టం వల్ల, 1987 నవంబరు 1 తర్వాత చేసిన నేరాలకు పెరోల్ లేదు. సత్ప్రవర్తనకు ఏడాదికి గరిష్ఠంగా 54 రోజులే తగ్గింపు. అంటే పదేళ్లు పడితే ఆ తగ్గింపు పోను ఎనిమిదిన్నర. 1994 క్రైమ్ చట్టం, హింసాత్మక నేరాలకు 85 శాతం శిక్ష అనుభవించేలా చూసే రాష్ట్రాలకు జైళ్లు కట్టుకోవడానికి గ్రాంట్లు ఇచ్చింది. అప్పటికే కొన్ని రాష్ట్రాలు ఆ దారిలో ఉన్నాయి, డబ్బు కనిపించాక మిగతావి కదిలాయి.

దీనికి తోడు కనీస శిక్షలు. 1973 న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ చట్టాల కింద ఒక ఔన్సు హెరాయిన్ అమ్మితే కనీసం 15 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. 1986 ఫెడరల్ చట్టంలో 5 గ్రాముల క్రాక్ కొకెయిన్‌కు (పొగగా పీల్చే గడ్డల రూపం) 5 ఏళ్లు, పొడి కొకెయిన్ అయితే అదే శిక్షకు 500 గ్రాములు కావాలి. అంటే నిష్పత్తి 100కు 1. 2010లో క్రాక్ పరిమితిని 28 గ్రాములకు పెంచాక 18కి 1 అయింది. పాత కేసులకూ అది వర్తించాలంటే 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ పొరపాటు ఎక్కడ జరిగిందంటే, బరువును బట్టి మనిషి స్థాయి తెలుస్తుందని చట్టం అనుకుంది. కానీ తూచేది మందును కాదు, మందు కలిసిన మొత్తం సరుకును. ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు కేసులో దాన్ని పీల్చుకున్న కాగితం బరువు కూడా లెక్కలోకే వస్తుందని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 1988 నుంచి కుట్ర అభియోగానికీ అవే కనీస శిక్షలు. మోసుకెళ్లినవాడి మీద ముఠా తిప్పిన సరుకు బరువు పడొచ్చు. కనీస శిక్ష తప్పించుకునే దారుల్లో పెద్దది పైవాళ్ల సమాచారం ఇవ్వడం. పైవాడి దగ్గర చెప్పడానికి పేర్లుంటాయి, మోసేవాడి దగ్గర ఏమీ ఉండవు. అలా చిన్నవాడికి పెద్ద శిక్ష పడిన సందర్భాలు పుట్టాయి. 1994లో తొలిసారి దొరికిన చిన్న నేరస్థులకు ఒక మినహాయింపు తెచ్చారు గానీ, అప్పటికి ఎనిమిదేళ్ల కేసులు అయిపోయాయి.

చైతన్య_కె

నల్లకోటు గారూ, కనీస శిక్షలు అంత కఠినమైతే జనం విచారణకు వెళ్లి పోరాడాలి కదా? దాదాపు అందరూ నేరం ఒప్పేసుకుంటారని చదివాను. ఎందుకు?

నల్లకోటు

కఠినం కాబట్టే ఒప్పుకుంటారు. 2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇచ్చిన లెక్క ప్రకారం ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ఒప్పుకోలు ద్వారానే. విచారణ దాకా వెళ్లేది వందలో ఐదారు కేసులు.

బేరం ఎలా నడుస్తుందో ఒక కేసు లెక్కతో చూడండి. యూటాలో వెల్డన్ ఏంజిలోస్ అనే యువకుడు పోలీసుల ఇన్‌ఫార్మర్‌కు మూడుసార్లు గంజాయి అమ్మాడు. అతని దగ్గర తుపాకీ ఉందన్నారు, దాన్ని వాడలేదు. ఒప్పుకుంటే 15 ఏళ్లు అని ప్రాసిక్యూటర్ చెప్పాడు. కాదన్నాడు. వెంటనే తుపాకీ అభియోగాలు పెంచి కొత్త ఛార్జ్‌షీట్ వేశారు. అప్పటి చట్టంలో మొదటి తుపాకీ అభియోగానికి 5 ఏళ్లు, రెండో దాని నుంచి ఒక్కోదానికి 25, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి. మూడింటిలో దోషి అన్నారు: 5, 25, 25. మొత్తం 55 ఏళ్లు. ఇది అన్యాయమని అంటూనే 2004లో జడ్జి ఆ శిక్ష వేశాడు, ఆయన చేతిలో వేరే దారి లేదు. ఏంజిలోస్ 2016లో విడుదలయ్యాడు, 2020లో క్షమాభిక్ష దొరికింది. ఒకే కేసులో ఇలా పేర్చడాన్ని 2018 ఫస్ట్ స్టెప్ చట్టం ఆపింది.

15 ఏళ్లా, 55 ఏళ్లా అన్నది జడ్జి చేతిలో లేదు, దోషి అవునో కాదో తేల్చే సామాన్య పౌరుల బృందమైన జ్యూరీ చేతిలో లేదు. ఏ సెక్షన్ పెట్టాలో తేల్చే ప్రాసిక్యూటర్ చేతిలో ఉంది. 1978లోనే సుప్రీంకోర్టు దీనికి ముద్ర వేసింది. కెంటకీలో 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసు. ఒప్పుకుంటే 5 ఏళ్లు, లేకపోతే పాత నేరాలున్నవాళ్లకు శిక్ష పెంచే అలవాటు నేరస్థుడి చట్టం పెడతానని ప్రాసిక్యూటర్ ముందే చెప్పాడు. నిందితుడు ఒప్పుకోలేదు, యావజ్జీవం పడింది. బేరంలో ఇది మామూలేనని కోర్టు 5–4తో సమర్థించింది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు మూలం ఆ తీర్పే. కనీస శిక్షలు జైలు నింపేది అందరికీ అవి పడటం వల్ల కాదు, అవి ఉన్నాయన్న భయంతో మిగతావాళ్లు బేరానికి రావడం వల్ల. లక్ష కేసులకూ విచారణ జరపాల్సి వస్తే అక్కడి కోర్టులకు ఆ సామర్థ్యమే లేదు.

శారద_పాలసీ

ప్రాసిక్యూటర్ గురించి నల్లకోటు గారు చెప్పినదానికి డబ్బు కోణం కలపాలి. నాకు ఇదే అసలు కారణంగా కనిపిస్తుంది, దీని గురించి రాసేవాళ్లు తక్కువ.

ప్రాసిక్యూషన్ కార్యాలయాలు 2,300 పైచిలుకు. నాలుగైదు రాష్ట్రాలు తప్ప అన్నిచోట్లా ప్రాసిక్యూటర్‌ను జనమే ఎన్నుకుంటారు. జడ్జీలను కూడా చాలా రాష్ట్రాల్లో ఎన్నుకుంటారు. ఐరోపాలో ప్రాసిక్యూటర్ పరీక్షలు రాసి చేరిన ఉద్యోగి. ఎవరినో తొందరగా వదిలేసినందుకు అతని ఉద్యోగం పోదు. అమెరికాలో వదిలేసినవాడు మళ్లీ నేరం చేస్తే ఆ ఫొటో ప్రత్యర్థి ఎన్నికల ప్రకటనలో వస్తుంది. అనవసరంగా పదేళ్లు లోపల ఉన్నవాడి ఫొటో ఏ ప్రకటనలోనూ రాదు.

రెండోది, చాలాచోట్ల ప్రాసిక్యూటర్ జీతం, కౌంటీ జైలు ఖర్చు కౌంటీ బడ్జెట్‌లోవి. రాష్ట్ర కారాగారం ఖర్చు రాష్ట్రానిది. ఒక చిల్లర దొంగను ప్రొబేషన్ (జైలుకు పంపకుండా బయటే పర్యవేక్షణ) మీద ఉంచి చూసుకుంటే కౌంటీకి ఖర్చు, మూడేళ్లకు రాష్ట్ర కారాగారానికి పంపితే కౌంటీకి పైసా ఖర్చు లేదు. ఖరీదైన శిక్ష, వేసేవాడికి ఉచితం. మూడు వేల పైచిలుకు కౌంటీలు ఎవరి మటుకు వాళ్లు ఇలా ఆలోచిస్తే మొత్తం ఎంతవుతుందో ఏ ఒక్కరూ చూడరు.

ఈ మీట తిప్పితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపించింది. 1960ల మధ్యలో, రాష్ట్ర కారాగారానికి పంపకుండా స్థానికంగా ఉంచుకున్న ఒక్కో మనిషికి 4,000 డాలర్ల దాకా కౌంటీకి ఇచ్చారు. పంపేవాళ్ల సంఖ్య తగ్గింది. 1970ల చివర్లో ఆ పథకం ఆపేశారు. సుమారు 80 వేల మందికి కట్టిన కారాగారాల్లో దాదాపు 1.56 లక్షల మంది చేరాక, 2011లో సుప్రీంకోర్టు వాటిని సామర్థ్యంలో 137.5 శాతానికి దించమంది. అప్పుడు హింస, లైంగిక నేరం, తీవ్ర నేరం కాని కేసులవాళ్లను కౌంటీలే తమ జైళ్లలో ఉంచుకోవాలని చట్టం మార్చారు. రాష్ట్ర ఖైదీల సంఖ్య ఏడాదిలోనే వేలల్లో తగ్గింది. అయితే కొందరు తగ్గలేదు, చోటు మారారు. అందుకే ఎవరైనా తగ్గిందంటే కారాగారం, కౌంటీ జైలు రెండూ కలిపి అడగండి.

ఓరుగల్లు

డబ్బు కోణం బాగుంది శారద గారూ. అలాగైతే ప్రైవేటు జైళ్లను పూర్తిగా వదిలేయాలా? నిండకపోయినా డబ్బు కట్టాల్సిన కాంట్రాక్టులున్నాయంటారు కదా.

శారద_పాలసీ

ఉన్నాయి. 80, 90, కొన్నిచోట్ల 100 శాతం పడకలకు హామీ ఇచ్చిన రాష్ట్రాలున్నాయి. తప్పే. కానీ అదే ఆశ ప్రభుత్వ జైళ్లలోనూ ఉంది. కాలిఫోర్నియాలో మూడో నేరానికి భారీ శిక్ష వేసే మూడు నేరాల చట్టానికి గట్టిగా మద్దతిచ్చింది ప్రభుత్వ జైలు సిబ్బంది సంఘం. లూసియానాలో షెరిఫ్‌లు (స్థానిక పోలీసు, జైలు అధిపతులు) రాష్ట్ర ఖైదీలను తమ జైళ్లలో ఉంచుకుంటే రాష్ట్రం నుంచి డబ్బు వస్తుంది, 2023లో తలకు రోజుకు 26 డాలర్ల చిల్లర. అక్కడి రాష్ట్ర ఖైదీల్లో దాదాపు సగం అలా ఉన్నవాళ్లే. ఆ డబ్బు మీద షెరిఫ్ కార్యాలయం నడుస్తుంటే, ఖైదీలు తగ్గించే బిల్లుకు ఎవరు అడ్డుపడతారో వేరే చెప్పాలా?

నిలువుటద్దం

ఇంతసేపూ జాతి గురించి ఎవరూ సూటిగా మాట్లాడలేదు. రాష్ట్ర కారాగారాల్లో నల్లజాతీయుల రేటు తెల్లవాళ్లకు సుమారు ఐదు రెట్లు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ 13వ సవరణలోనే "నేరానికి శిక్షగా తప్ప" అన్న మినహాయింపు ఉంది. దాని మీదే దక్షిణాదిలో ఖైదీలను తోటలకు, గనులకు కౌలుకిచ్చారు. లూసియానాలోని అంగోలా కారాగారం ఇప్పటికీ 18 వేల ఎకరాల వ్యవసాయ భూమి, ఒకప్పుడు బానిసల తోట. అదే రాష్ట్రం 1898లో, జ్యూరీలో అందరూ ఒప్పుకోకపోయినా దోషి అనొచ్చని రాజ్యాంగంలో రాసుకుంది. జ్యూరీలో ఒకరిద్దరు నల్లవాళ్లున్నా వాళ్ల ఓటు లెక్కలోకి రాకుండా. తర్వాత అది 12లో 10 మంది చాలన్న నియమంగా ఉండిపోయింది. 2020లో గానీ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయలేదు. అంటే 120 ఏళ్లు.

జనాభాలెక్క

నిలువుటద్దం గారు చెప్పింది వదిలేస్తే ఈ చర్చ అసంపూర్ణం. ఒక్క మాట జోడిస్తాను. నల్లవాళ్ల రేటు పక్కనపెట్టి తెల్లవాళ్లను మాత్రమే లెక్కపెట్టినా, వాళ్ల రేటు కూడా పశ్చిమ ఐరోపా దేశాల మొత్తం రేటు కంటే బాగా ఎక్కువ. వివక్ష వల్ల ఈ యంత్రం ఒకరి మీద ఎక్కువ బరువు మోపింది. కానీ అది అందరినీ లోపలికి లాగే యంత్రమే.

చైతన్య_కె

కౌంటీ జైళ్ల సంగతి ఇంకా మిగిలింది. అక్కడున్నవాళ్లలో చాలామందికి శిక్షే పడలేదంటారు.

నల్లకోటు

అవును, పదిమందిలో ఏడుగురికి. మూలం డబ్బు బెయిల్. 10,000 డాలర్ల బెయిల్ పెట్టారనుకోండి. మొత్తం కోర్టులో కడితే కేసు ముగిశాక తిరిగొస్తుంది. అంత లేకపోతే బెయిల్ బాండ్ వ్యాపారికి పది శాతం, 1,000 డాలర్లు ఇవ్వాలి. అతను పూచీ పడతాడు, ఆ వెయ్యి మాత్రం నిర్దోషిగా తేలినా తిరిగిరాదు. ఆ వెయ్యి కూడా లేనివాడు లోపలే.

పెద్ద నష్టం చిన్న కేసుల్లో. నెల రోజులుగా లోపలున్నవాడి దగ్గరికొచ్చి, ఒప్పుకుంటే గడిపిన కాలమే శిక్షగా రాసి ఈరోజే పంపిస్తామంటారు. పోరాడాలంటే ఇంకో మూడు నెలలు ఇక్కడే. ఉద్యోగం, అద్దె ఇల్లు, పిల్లలు గుర్తుకొస్తాయి. ఒప్పేసుకుంటాడు. ఆ ఒప్పుకోలు రికార్డులో ఉండిపోయి, తర్వాతి కేసులో పాత నేరస్థుడి శిక్షకు మెట్టు అవుతుంది. డ్రగ్స్ ఖైదీలు 13 శాతమేనన్న జనాభాలెక్క గారి అంకెను ఈ కోణంలోనూ చూడాలి. దోపిడీ కేసులో 20 ఏళ్లు పడినవాడికి అందులో కొన్నేళ్లు పాత డ్రగ్స్ కేసుల వల్లే పెరిగి ఉండొచ్చు. జాబితాలో అతను హింసాత్మక నేరస్థుడిగానే కనిపిస్తాడు.

న్యూజెర్సీ 2017 జనవరి నుంచి డబ్బు బెయిల్‌ను దాదాపు వాడుకలో లేకుండా చేసింది. ఇల్లినాయిస్ 2023 సెప్టెంబరు 18న పూర్తిగా రద్దు చేసింది. అక్కడ ఇప్పుడు జడ్జి ముందు రెండే దారులు: షరతులతో వదలడం, లేదా ప్రమాదం ఉందని విచారించి, కారణాలు రాసి ఉంచడం. డబ్బున్న ప్రమాదకారి బయటికి, డబ్బులేని అమాయకుడు లోపలికి అనే పద్ధతి కంటే ఇది మేలు.

ప్రొబేషన్, పెరోల్ మీద బయట ఉన్నవాళ్లు ఇంకో 37 లక్షలు. మూత్ర పరీక్షలో తప్పడం, అధికారిని కలవాల్సిన రోజు వెళ్లకపోవడం, చెప్పకుండా ఇల్లు మారడం లాంటి నిబంధనల ఉల్లంఘనతోనే మళ్లీ లోపలికి వెళ్లొచ్చు. కారాగారాల్లో కొత్తగా చేరేవాళ్లలో దాదాపు నాలుగో వంతు ఇలాంటివాళ్లే. ఈ విచారణలో జ్యూరీ ఉండదు, సందేహాతీతంగా రుజువు చేయాల్సిన పనీ లేదు. జరిమానా కట్టలేకపోయినంత మాత్రాన జైలుకు పంపకూడదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఉండీ కట్టలేదా, లేకపోవడం వల్ల కట్టలేకపోయాడా అని జడ్జి తప్పక విచారించాలి. రద్దీ కోర్టుల్లో ఆ విచారణే చాలాసార్లు జరగదు.

ఓరుగల్లు

మానసిక ఆసుపత్రులు మూసేయడం కూడా కారణమంటారు. 1955లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5.5 లక్షలకు పైగా రోగులుండేవాళ్లు.

జనాభాలెక్క

కొంతవరకే. ఆ రోగుల్లో వృద్ధులు, స్త్రీలు చాలామంది. జైళ్లు నిండింది యువకులతో. ఆసుపత్రి మూసి నేరుగా జైలు తెరిచారన్న లెక్క సరిపోదు. కానీ కౌంటీ జైళ్లకు ఆ భారం నిజం. లాస్ ఏంజెలెస్, షికాగో జైళ్లు దేశంలోనే పెద్ద మానసిక చికిత్సా కేంద్రాలుగా మారిపోయాయి.

నిలువుటద్దం

మరి తగ్గించడం సాధ్యమేనా? తగ్గిస్తే నేరాలు పెరగవా?

శారద_పాలసీ

న్యూయార్క్ చూడండి. రాష్ట్ర కారాగారాల్లో 1999లో 72 వేల పైచిలుకు, 2023కి సగం లోపే. రాక్‌ఫెల్లర్ చట్టాలను గట్టిగా సవరించింది 2009లో, కానీ తగ్గుదల అంతకు పదేళ్ల ముందే మొదలైంది. న్యూయార్క్ నగరంలో డ్రగ్స్ మీద పెద్ద కేసుల అరెస్టులు తగ్గాయి, నగరం నుంచి రాష్ట్రానికి పంపేవాళ్లు తగ్గారు. 1990లో 2,200 దాటిన నగర హత్యలు 2017లో 300 లోపుకు వచ్చాయి. ఖైదీలు తగ్గడం వల్ల హత్యలు తగ్గాయని నేను అనను, రెండూ కలిసి తగ్గగలవని మాత్రం అది రుజువు చేసింది.

ఇక కష్టమైన భాగం. చిన్న కేసుల్లో తగ్గించడం ఏ రాష్ట్రానికైనా సులువు, జనం కూడా ఒప్పుకుంటారు. మిగిలిన 60 శాతం హింసాత్మక నేరాలవాళ్లలో, 22 ఏళ్లకు దోపిడీ చేసి 55 ఏళ్లకూ లోపలే ఉన్నవాళ్లున్నారు. వయసుతో నేరం బాగా తగ్గుతుంది, వైద్యం ఖర్చు బాగా పెరుగుతుంది. అయినా వాళ్ల విడుదలకు ఓటు వేసే శాసనసభ్యుడు అరుదు.

కాలిఫోర్నియాలో జనం 2014లో 950 డాలర్ల లోపు దొంగతనాన్ని చిన్న నేరంగా మార్చారు. 2024 నవంబరులో అదే జనం పెద్ద మెజారిటీతో, గతంలో రెండుసార్లు దొంగతనానికి శిక్షపడినవాడు మూడోసారి దొరికితే విలువ ఎంతైనా పెద్ద నేరంగా పెట్టొచ్చని మార్చారు. ఆ సెక్షన్ వాడాలా వద్దా అన్నది మళ్లీ కౌంటీ ప్రాసిక్యూటర్ ఇష్టం. దీని ప్రభావం చూడాలనుకుంటే రాష్ట్ర మొత్తం కాదు, ఒక్కో కౌంటీ నుంచి ఎంతమందిని పంపుతున్నారో విడిగా చూడండి. పక్కపక్క కౌంటీల్లోనే, అవే చట్టాల కింద, పెద్ద తేడా కనిపిస్తుంది.